పాత కారు అడిగే నూనె

పాత బండికి చిక్కటి ఆయిల్ పోయాలన్నది మా మార్కాపురం వైపు వేదవాక్కు. ఇక్కడ ఏ షెడ్డులో అడిగినా, గిద్దలూరు పోయి స్పేరుపార్టుల కొట్లో అడిగినా ఇదే మాట. ఇంజన్ అరిగింది, సందులు పెరిగాయి, పలచటి నూనె ఆ సందుల్లో నిలవదు, కాబట్టి చిక్కటిది పొయ్యమంటారు. వినడానికి సబబుగానే ఉంటుంది. అంబాసిడర్లు, ప్రీమియర్ పద్మినులు తిరిగిన రోజుల్లో చాలావరకు నిజం కూడా. ఆ ఇంజన్లు చేసిన తీరే వేరు. 20డబ్ల్యూ-50 పోస్తే చల్లగా, నిబ్బరంగా నడిచేవి. ఆ బళ్ల మీద చెయ్యి తిరిగిన మెకానిక్కులు నేర్చుకున్న పాఠం అది. వాళ్ల అనుభవాన్ని తక్కువ చేయబుద్ధి కాదు నాకు.

అయితే పాతబడిన ప్రతి బండీ అంబాసిడర్ కాదు.

మా ఇంట్లో ఉన్నది 1996 నాటి బెంజి, ఈ220. మెర్సిడెస్ కంపెనీ 1994లో టెల్కోతో చేతులు కలిపి మన దేశానికి వచ్చింది. 1995లో పుణె పక్కన తొలిసారి తయారు చేసినది ఈ కారునే. కార్ల మీద పిచ్చి ఉన్నవాళ్లకు దీని పేరు డబ్ల్యూ124. పలకల వ్యాపారం బాగా సాగిన రోజుల్లో మా పెదనాన్న కొన్నాడు. 2.2 లీటర్ల పెట్రోల్ ఇంజన్, పదహారు వాల్వులు, పైన రెండు క్యామ్‌షాఫ్టులు, వాటిని తిప్పే చైను, నూనె ఒత్తిడితో తమంతట తాము సర్దుకునే హైడ్రాలిక్ ట్యాపెట్లు, 150 గుర్రాల బలం. మారుతి 800కు నలభై గుర్రాల బలం కూడా లేని కాలంలో ఇది మాటలు కాదు. ఒంగోలు రోడ్డెక్కి కాలు నొక్కితే ఈ కారు ఇప్పటికీ తన వయసు చెప్పదు. ఇలాంటి ఇంజన్‌కు నూనె ఎంచడం దాని లోపలి కొలతలకు సంబంధించిన సంగతి. బండి వయసు ఒక్కటే చూసి తేల్చేది కాదు.

డబ్బా మీద ఉండే అంకెల దగ్గర మొదలుపెడదాం. 15డబ్ల్యూ-40 అంటే ముందున్న 15 చలిలో నూనె నడకను, వెనకున్న 40 ఇంజన్ కాగిన తర్వాత దాని చిక్కదనాన్ని చెబుతాయి. అమెరికాలోని ఎస్ఏఈ అనే ఇంజనీర్ల సంఘం 1911 నుంచి ఈ లెక్కలు కడుతూ వస్తోంది. 20డబ్ల్యూ నూనెను మైనస్ 15 డిగ్రీల దగ్గర, 5డబ్ల్యూ నూనెను మైనస్ 30 డిగ్రీల దగ్గర పరీక్షిస్తారు. ఇది చెప్పగానే మా వాళ్లు అడిగే ప్రశ్న ఒకటే: మే నెలలో 44 డిగ్రీలు కాసే మార్కాపురంలో మైనస్ 30తో మనకేం పని?

న్యాయమైన ప్రశ్నే. కానీ మనకు ఉక్కపోసే తెల్లవారుజాము కూడా ఇంజన్‌కు చలికాలమే. దానికి పని చేసే వేడంటే నూరు డిగ్రీల చుట్టుపక్కల. ముప్పై డిగ్రీల ఉదయం తాళం తిప్పినప్పుడు అది చలిలోనే లేస్తుంది. నూనె చిక్కదనాన్ని సెంటీస్టోకుల్లో కొలుస్తారు. మామూలు 20డబ్ల్యూ-50 నూనె 40 డిగ్రీల దగ్గర 160 సెంటీస్టోకుల పైచిలుకు ఉంటుంది. మంచి 5డబ్ల్యూ-40 దాదాపు అందులో సగమే. నూరు డిగ్రీలకు చేరేసరికి మొదటిది 18కి, రెండోది 14కి దిగుతాయి. కాగిన తర్వాత రెండింటికీ తేడా కొద్దిపాటిదే. అసలు తేడా అంతా ఇంజన్ లేచిన మొదటి క్షణాల్లో ఉంది. రాత్రంతా కిందికి జారి ఛాంబర్‌లో చేరిన నూనె పైన క్యామ్‌షాఫ్టుల దాకా ఎక్కాలి. హైడ్రాలిక్ ట్యాపెట్లు నిండాలి. పొద్దున స్టార్ట్ చేయగానే పైనుంచి టకటకమని వినిపించి ఆగిపోయే ఆ శబ్దం నూనె కోసం ఎదురుచూపు. అరుగుదలలో పెద్ద భాగం జరిగేది అక్కడే. చిక్కటి నూనె ఆ ఎదురుచూపును పెంచుతుంది.

చిక్కటి నూనె మీద నమ్మకం పెరగడానికి ఇంకో కారణం ప్రెషర్ ముల్లు. ఈ కారు డాష్‌బోర్డులో స్పీడోమీటరు పక్కన చిన్న గేజు ఉంటుంది, సున్నా నుంచి మూడు బార్ల దాకా. పొద్దున లేవగానే ముల్లు మూడుకు అంటుకుంటుంది. ఇంజన్ బాగా కాగాక, ఆగి ఉన్నప్పుడు ఒకటిన్నరకో, ఒకటికో దిగుతుంది. దోర్నాల నుంచి శ్రీశైలం ఘాటు ఎక్కేటప్పుడు చూడాలి దాని వాటం. ఎండాకాలం మధ్యాహ్నం, ఏసీ నడుస్తూ ఉంటుంది, ముందు ఆర్టీసీ బస్సు మలుపులో ఆగి ఆగి ఎక్కుతూ ఉంటుంది. ఆగిన ప్రతిసారీ ముల్లు కిందికి జారుతుంది, కాలు పెట్టగానే మూడుకు లేస్తుంది. కొత్తవాళ్లకు ఆ జారుడు చూస్తే గుండె జారుతుంది. కంపెనీ పుస్తకం మాత్రం, కాగిన ఇంజన్ ఐడిల్‌లో 0.3 బార్‌కు దిగినా భయం లేదు, ఆక్సిలేటర్ తొక్కగానే లేస్తే చాలంటుంది. 20డబ్ల్యూ-50 పోస్తే అదే ముల్లు కాస్త పైన నిలుస్తుంది. కంటికి ధైర్యం. కానీ ఒత్తిడి వేరు, ప్రవాహం వేరు. చిక్కటి నూనె సన్నటి దారుల్లో దూరలేక ఎదురు తన్నినా ముల్లు లేస్తుంది. ఒత్తిడి హద్దు దాటితే పంపు దగ్గరి రిలీఫ్ వాల్వు తెరుచుకుని నూనెను బేరింగుల దాకా పోనివ్వకుండా వెనక్కి పంపేస్తుంది. ముల్లు లేచిందంటే నూనె అందిందని అర్థం కాదు. అది ఎంత చప్పున లేచింది, కాగాక ఎక్కడికి దిగింది, నిరుటికీ ఇప్పటికీ తేడా ఏమైనా వచ్చిందా అన్నది చూసుకోవాలి.

నూనెల్లో మంచి చెడ్డలు లేవని కాదు. ఏ నూనె మంచిదన్నది దేనికి అని అడిగాకే తేలుతుంది. దీనికి మా ప్రాంతపు ఆముదం కంటే పెద్ద సాక్ష్యం అక్కర్లేదు. నల్లమల కింది మెట్ట పొలాల్లో ఆముదం తెలియని రైతు లేడు. దీపానికి అదే, తలకు అదే, ఎడ్లబండి ఇరుసుకు పూసే కందెనలోనూ అదే. గడ్డి కాల్చిన మసిని ఆముదంలో కలిపి పూసి బళ్లు తోలిన తరం ఇంకా మన మధ్యే ఉంది. అదే ఆముదం ఇంగ్లండు చేరి మోటారు నూనెగా మారింది. వేక్‌ఫీల్డ్ అనే ఆయన 1899లో పెట్టిన కంపెనీ, 1909లో ఆముదం కలిపిన నూనెను తెచ్చి క్యాస్ట్రాల్ అని పేరు పెట్టింది. ఆముదానికి ఇంగ్లీషులో ఉన్న పేరే అందులో దాగి ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో గిరగిరా తిరిగే రోటరీ ఇంజన్ల విమానాలు ఆముదం మీదే ఎగిరాయి. సలసల కాగే లోహాన్ని కూడా అది వదలకుండా పట్టుకుంటుంది, పెట్రోలులో తేలిగ్గా కరగదు. ఆ తర్వాత దశాబ్దాల పాటు రేసు కార్లలోనూ అదే. కానీ రేసు కారు ఇంజన్‌ను పందెం అయిపోగానే విప్పి కడుగుతారు. ఏళ్ల తరబడి విప్పకుండా నడిచే ఇంట్లో కారులో పోస్తే ఆముదం బంకగా మారి రింగులను పట్టేస్తుంది. ఒక చోట దాని బలమైనదే ఇంకో చోట దోషమైంది. నూనె మాత్రం మారలేదు.

అందుకే కొట్లో డబ్బా చేతికి తీసుకుంటే నేను వెనక్కి తిప్పి చూస్తాను. ముందువైపు బొమ్మలు, పెద్ద అంకెలు ఉంటాయి. వెనక చిన్న అక్షరాల్లో ఉన్నది అసలు పత్రం. ఏపీఐ అని ఉండి పక్కన ఎస్ఎల్, ఎస్ఎమ్, ఎస్ఎన్, ఎస్‌పీ వంటి అక్షరాలు ఉంటాయి. ఐరోపా వాళ్ల ఏ3/బీ4 ప్రమాణం ఉందా, మెర్సిడెస్ వాళ్ల 229.1 గానీ 229.3 గానీ 229.5 గానీ ఉందా అన్నది మా కారుకు ముఖ్యం. బీఎండబ్ల్యూ అయితే ఎల్ఎల్-01, పాత ఆక్టేవియా ఆర్ఎస్ లాంటి టర్బో పెట్రోలు బండి అయితే ఫోక్స్‌వాగన్ వాళ్ల 502 00. ఈ మాటలకు వెనక ఒక లెక్క ఉంది. ఏ3/బీ4 అని రాసి ఉన్న నూనె 150 డిగ్రీల వేడిలో, బేరింగుల మధ్య నలిగేటప్పుడు కూడా 3.5 మిల్లీపాస్కల్ సెకన్లకు తగ్గని చిక్కదనం నిలుపుకోవాలి. ఘాటులో, ఎండలో, ఏసీ వేసుకుని, వెనక సీట్లో ముగ్గురు కూర్చుని ఎక్కే బండికి కావలసిన హామీ అది. ఈ మధ్య కొత్త కార్లలో పోస్తున్న 0డబ్ల్యూ-20 నూనెకు ఇదే కొలత 2.6 దగ్గర మొదలవుతుంది. అది నాసిరకమేమీ కాదు, దాని కోసం సందులు బిగించి కట్టిన ఇంజన్లకు బంగారం లాంటిది. సరికొత్తది, ఖరీదైనది కదా అని ఎవరైనా ప్రేమకొద్దీ పాత బెంజిలో పోస్తే మాత్రం ఆ ప్రేమ ఇంజన్‌కు పనికిరాదు. చిక్కటిదే మేలనే నమ్మకంలోనూ, కొత్తదే మేలనే నమ్మకంలోనూ జరుగుతున్నది ఒకటే. ఇంజన్‌ను అడగకుండా మన మనసును అడిగి పోస్తున్నాం.

జింకు గురించి కూడా పాత కార్ల వాళ్లలో చాలా దిగులుంది. నూనెలో కలిపే జింకు, ఫాస్ఫరస్ సమ్మేళనం ఒకటి లోహం మీద సన్నటి పొరగా ఏర్పడి, ఒరిపిడిలో తాను అరిగి లోహాన్ని కాపాడుతుంది. అయితే ఫాస్ఫరస్ పొగగొట్టంలోని కాటలిటిక్ కన్వర్టర్‌ను చెడగొడుతుంది. అందుకని 2004లో వచ్చిన ఎస్ఎమ్ ప్రమాణం పలచటి రకాల్లో దాన్ని 0.08 శాతానికి కట్టేసింది. క్యామ్ నేరుగా ట్యాపెట్ మీద రాసుకునే ఇంజన్లున్న వాళ్లు కంగారుపడింది అక్కడే. కానీ ఆ కట్టడి 30 రకం దాకానే. ఏ3/బీ4 రాసి ఉన్న 40 రకం నూనెల్లో సరిపడా జింకు ఉంటుంది. విడిగా చిన్న సీసాల్లో అమ్మే మందులు కలపక్కర్లేదు. నూనె కలిపినవాడు తూకం వేసి కలిపిన పాళ్లను మనం చెంచాతో మార్చకూడదు.

సింథటిక్ పోస్తే పాత ఇంజన్ కారుతుందన్న మాట ఉంది. తొలినాటి సింథటిక్‌లు ఆయిల్ సీళ్లను కుదించిన మాట నిజం. తర్వాత వాటి తయారీ మారింది. ఇప్పుడు జరిగేది వేరు. ఏళ్లుగా పేరుకున్న జిడ్డే ఎండిన సీలుకు అడ్డుపడి కారకుండా ఆపుతూ ఉంటుంది. మంచి నూనె ఆ జిడ్డును కడిగేస్తే చిల్లు బయటపడుతుంది. సీలు పోయింది నూనె వల్ల కాదు. చరిత్ర తెలియని బండి చేతికొస్తే ఒక్కసారే అంతా కడిగేయాలని చూడకూడదు. కదిలిన జిడ్డు పోయి పంపు జల్లెడకు అడ్డం పడితే మొదటికే మోసం. వెయ్యి, రెండు వేల కిలోమీటర్లకోసారి నూనె, ఫిల్టరు మారుస్తూ నెమ్మదిగా రావాలి.

ఇన్ని చెప్పాక కూడా, ఏ నూనె పోశామన్నది రెండో సంగతి. ఎప్పుడు మార్చామన్నది మొదటిది. పాత కార్లు తక్కువ తిరుగుతాయి. పెళ్లికో, గుడికో తీస్తారు, మళ్లీ కప్పేస్తారు. మీటరు మీద కిలోమీటర్లు పెరగలేదు కాబట్టి నూనె కొత్తగానే ఉందనుకుంటారు. ఊళ్లోనే రెండు వీధులు తిప్పి ఆపేసిన ఇంజన్‌లో తేమ, కాలని పెట్రోలు నూనెలోనే మిగిలిపోతాయి. ఆమ్లాలు పుట్టి బేరింగులను తింటాయి. బంకుల్లో ఇప్పుడు దొరికేది ఇరవై శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఇథనాల్ తేమను పీల్చుకునే గుణమున్నది. అందుకని లెక్క క్యాలెండరుతో చూడాలి. మా కారుకు ఏటా ఉగాదికి ముందు, ఎన్ని కిలోమీటర్లు తిరిగినా సరే, నూనె మారుతుంది. తిరుగుడు ఎక్కువైతే ఐదు వేలకే. ఇంజన్‌ను ఓ అరగంట నడిపి, కాగిన నూనెనే దింపించాలి, మురికిని వెంట తెచ్చేది అదే. డ్రెయిన్ బోల్టుకు రాగి వాషర్ ప్రతిసారీ కొత్తది.

మా మెకానిక్ భాయ్ వయసులో పెద్దవాడు. ఓ రోజు డిప్‌స్టిక్ తీసి, ముతక గుడ్డ మీద అద్ది, చూపుడు వేలికి, బొటనవేలికి మధ్య నూనెను రుద్ది, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. నూనె నల్లగా ఉందేంటని అడిగాను.

"నల్లగుందని భయపడమాక అన్నా. మసిని పట్టుకోబట్టే నల్లబడింది. అది దాని పని. పెట్రోలు వాసనొస్తే చెప్పు, పాలు పోసిన కాఫీ రంగుంటే చెప్పు, యేళ్లకు గరగరమంటే చెప్పు. అప్పుడు భయపడదాం."

నూనె గురించి నేను చదివిన కాగితాల్లో దేనికీ తీసిపోదు ఆ మాట. పాల కాఫీ రంగంటే హెడ్ ప్యాకింగ్ పోయి నీళ్లు కలిశాయని. పెట్రోలు వాసనంటే కాలకుండా కిందికి దిగుతోందని. గరగర అంటే దుమ్ము.

మా ఊళ్లో ఆ మూడోదే పెద్దది. మార్కాపురం పలకల ఊరు. గనుల్లో రాయి లేపి, ఉలితో పొరలు విడదీసి, మిషన్ల మీద కోస్తారు. ఆ కోతలో లేచే ధూళిలో సిలికా ఉంది, గాజును గీకగల గట్టి పదార్థం. ఫ్యాక్టరీల వైపు రోడ్ల మీద చెట్ల ఆకులు ఏడాదిలో సగం రోజులు బూడిద రంగులోనే ఉంటాయి. బేరింగుకూ షాఫ్టుకూ మధ్య నూనె పొర మిల్లీమీటరులో వెయ్యో వంతు లెక్కలో ఉంటుంది. కంటికి ఆనని రేణువు చాలు, దాన్ని చీల్చుకుని లోహాన్ని గీయడానికి. ఎంత ఖరీదైన సింథటిక్ పోసినా, ఎయిర్ ఫిల్టర్ డబ్బాకు ఓ క్లిప్పు ఊడి ఉంటే డబ్బంతా బూడిదలో పోసినట్టే. అదే ధూళిని పలకలు కోసే కూలీలు ఊపిరితిత్తుల నిండా పీలుస్తున్నారు. సిలికోసిస్ ఈ ప్రాంతానికి పాత పరిచయం. కారుకు ఫిల్టరు మార్చిన ప్రతిసారీ నాకు ఆ మనుషులు గుర్తొస్తారు. వాళ్లకు మార్చడానికి రెండో జత ఊపిరితిత్తులు లేవు. కోత మిషన్ల దగ్గర నీళ్లు చల్లే ఏర్పాటు, ధూళిని పీల్చే గొట్టాలు, మంచి మాస్కులు ఇవ్వడం కారు ఫిల్టరు కంటే ముందు జరగాల్సిన పని.

మళ్లీ నూనె దగ్గరికి వస్తే, కొనేటప్పుడు బిల్లు అడగండి, మూత సీలు చూడండి. ఖాళీ డబ్బాలను యథాతథంగా పాత సామాన్లవాడికి వేయకండి. నకిలీ సరుకు నింపేవాళ్లకు కావలసింది ఆ డబ్బాలే. తూటు పొడిచి వేయండి.

నాకు తేలింది ఇది. ఈ కారుకు, ఈ ఊరి ఎండకు, ఆ ఘాటు రోడ్డుకు ఏ3/బీ4, 229.3 రాసి ఉన్న 5డబ్ల్యూ-40 గానీ 10డబ్ల్యూ-40 గానీ సరి. ఏ3/బీ4 రాసి ఉన్న 15డబ్ల్యూ-40 మాత్రమే దొరికితే, మన వాతావరణంలో దానికీ వంక పెట్టను. 20డబ్ల్యూ-50ను మాత్రం బోరు నిజంగా అరిగి, నూనె తాగుతూ, కాగాక ప్రెషర్ లేవని ఇంజన్‌కే ఉంచుతాను. అది కూడా ఇంజన్ విప్పే రోజు దాకా.

ఇక దింపిన నూనె సంగతి. ఈ కారు ఇంజన్‌లో పట్టేదే ఐదు లీటర్ల పైన. మా వైపు అది సెంట్రింగు పలకలకు పూస్తారు, చెదలు పట్టకుండా కొయ్యలకు పూస్తారు, మిగిలింది షెడ్డు పక్క కాలవలో పోస్తారు. 2016 నాటి నిబంధనల ప్రకారం అది ప్రమాదకర వ్యర్థం. వాన పడితే ఆ కాలవలు మార్కాపురం వైపు గుండ్లకమ్మకు, గిద్దలూరు వైపు సగిలేరుకు చేరతాయి. మా ప్రాంతంలో బోర్ల నీళ్లలో ఫ్లోరైడ్ తాగి ఎముకలు వంగిన పల్లెలున్నాయి. కరువు సీమలో ఉన్న నాలుగు చుక్కల నీళ్లకు ఈ విషం కూడా కలపడం తగదు. కాలిన నూనెను ఓ గట్టి డబ్బాలో పట్టి, మూత బిగించి, డ్రమ్ముల్లో కూడబెట్టి రీరిఫైనింగుకు పంపే పెద్ద వర్క్‌షాపులకు ఇవ్వండి. మీ మెకానిక్ కాలవ వైపు నడుస్తుంటే, చెయ్యి పట్టుకుని ఆపండి.